కెర్నెల్ గుమ్మంలో నెట్‌వర్క్ కోడ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

లినక్స్ కెర్నెల్‌లోకి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ వంటి భాగంలోకి) నెట్‌వర్కింగ్ కోడ్‌ను చేర్పించడం గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతిని నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: మా ల్యాబులో ఉన్న పాత ఈథర్నెట్ కార్డు డ్రైవరులో ఒక మెమరీ లీకును కనిపెట్టి సరిచేశాను. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టి నెల దాటినా ఎవరూ పలకలేదు. నా కోడ్‌లో ఏమైనా తప్పుందా?
— ఎం.టెక్. విద్యార్థి, కాకినాడ

జవాబు: కోడ్ సంగతి ఎవరూ చూడనే లేదు, మీరు తట్టిన తలుపు వేరు. గిట్‌హబ్‌లో కనిపించే లినక్స్ ఒక నకలు మాత్రమే. కెర్నెల్‌కు మార్పులు నేటికీ ఈమెయిల్ ద్వారానే వెళతాయి. నెట్‌వర్కింగ్‌కు సంబంధించినవన్నీ 'నెట్‌డెవ్' అనే మెయిలింగ్ లిస్టుకు పంపాలి. ఆ డ్రైవరు బాధ్యత చూస్తున్న మెయింటెయినర్లకు కూడా కాపీ వెళ్లాలి. వారెవరో మీరు వెతుక్కోనక్కరలేదు. కెర్నెల్ సోర్సులోనే ఉన్న 'గెట్-మెయింటెయినర్' స్క్రిప్టుకు మీ ప్యాచ్‌ను, అంటే కోడ్‌లో మీరు చేసిన మార్పుల పాఠాన్ని, అందిస్తే ఎవరెవరికి పంపాలో అదే చెబుతుంది. ప్యాచ్‌ను అటాచ్‌మెంటుగా పెట్టకూడదు, మెయిల్‌లోనే సాదా అక్షరాలుగా ఉండాలి. బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి అతికిస్తే ట్యాబులు స్పేసులుగా మారిపోయి ప్యాచ్ ఎక్కడా అతకదు కనుక, 'గిట్ సెండ్-ఈమెయిల్' వాడడం మొదటి రోజే నేర్చుకోండి.

ఇక రెండో సంగతి. నెట్‌వర్కింగ్ విభాగానికి రెండు ట్రీలు, అంటే రెండు కోడ్ భాండాగారాలు, ఉన్నాయి. ఇప్పటికే వాడుకలో ఉన్న కోడ్‌లోని లోపాల సవరణలు 'నెట్' అనే ట్రీలోకి, కొత్త సౌకర్యాలు 'నెట్-నెక్స్ట్' అనే ట్రీలోకి పోతాయి. మీ ప్యాచ్ దేనికి ఉద్దేశించినదో సబ్జెక్టు లైనులోనే, 'ప్యాచ్' అన్న మాట పక్కన, చతురస్ర బ్రాకెట్లలో చెప్పాలి. లినక్స్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. అందులో మొదటి రెండు వారాలు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అన్ని విభాగాల నుంచి కొత్త కోడ్‌ను కలుపుకొనే కాలం, దానినే మర్జ్ విండో అంటారు. పేరు విని తలుపులు అప్పుడే తెరుస్తారనుకొని కొత్త కోడ్‌ను పంపేవారు చాలామంది ఉన్నారు. నిజానికి ఆ రెండు వారాలూ నెట్-నెక్స్ట్ మూసి ఉంటుంది, అభిప్రాయం కోరుతూ ఆర్ఎఫ్‌సి అని రాసి పంపినవాటిని తప్ప తక్కినవాటిని అప్పుడు తీసుకోరు. మీది లోపం సవరణ కనుక మీకు ఈ బెడద లేదు, ఎప్పుడైనా 'నెట్'కు పంపవచ్చు.

మీరు జతచేసిన కోడ్‌ను చూశాను. కార్డును గుర్తించగానే నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లో ముందు రింగు బఫర్లకు మెమరీ తీసుకుంటున్నారు, తరువాత ఇంటరప్టు కోసం అడుగుతున్నారు. ఆ రెండోది విఫలమైతే తీసుకున్న మెమరీని వదలకుండా ఫంక్షన్ నుంచి నేరుగా బయటపడుతున్నారు. మీ సవరణ ఒక్క లైను: రిటర్న్ ఉన్న చోట, మెమరీని విడిచిపెట్టే లేబుల్‌కు గోటూ. అది సరిగ్గానే ఉంది. దాని మీద మీరు రాసిన వివరణ మాత్రం 'మెమరీ లీకును సరిచేశాను' అన్న మూడు మాటలే. ఏ సందర్భంలో లీకు జరుగుతుంది, దాన్ని మీరు ఎలా కనిపెట్టారు, కార్డు మీద పరీక్షించారా లేక కోడ్ చదివి పోల్చుకున్నారా, ఇవన్నీ రాయాలి. కింద 'ఫిక్సెస్' అన్న లైనులో, ఈ లోపం ఏ కమిట్‌తో (గిట్‌లో నమోదైన ఏ మార్పుతో) మొదలైందో దాని గుర్తింపు సంఖ్యలోని మొదటి పన్నెండు అక్షరాలను, ఆ కమిట్ శీర్షికను ఇవ్వాలి. ఆ లైనును బట్టే పాత స్థిర వెర్షన్లను చూసుకునేవారు, మీ సవరణ తమ వెర్షన్‌కు కావాలో అక్కరలేదో తేల్చుకుంటారు. ఒక్క లైను మార్పుకు పన్నెండు లైన్ల వివరణ రాస్తే ఎవరూ నవ్వరు.

ప్రశ్న: మా కంపెనీ తయారుచేసే నెట్‌వర్క్ కార్డుకు ముప్పై వేల లైన్ల డ్రైవరు ఉంది. రెండేళ్లుగా కస్టమర్లకు విడిగా ఇస్తున్నాము. మూడు నెలల్లో దాన్ని కెర్నెల్‌లో చేర్పించాలని పైవారు గడువు పెట్టారు. సాధ్యమవుతుందా?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాదు

జవాబు: మొత్తం ముప్పై వేల లైన్లూ మూడు నెలల్లో చేరవు. కానీ కార్డును గుర్తించి, లింకు పైకి తెచ్చి, ప్యాకెట్లను పంపి అందుకునే చిన్న డ్రైవరు చేరవచ్చు. మీ పైవారికి ఈ తేడాను ఇప్పుడే చెప్పడం మంచిది.

మీరు ముందుగా చేయవలసిన పని తీసివేతలు. పాత కెర్నెళ్ల మీద కూడా నడవడానికి పెట్టుకున్న వెర్షన్ షరతులు మొత్తం పోవాలి, ఎందుకంటే కెర్నెల్‌లోని కోడ్ ఆ ఒక్క కెర్నెల్‌తోనే నడుస్తుంది. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పంచుకోవడానికి మధ్యలో కట్టిన పొర ఉంటే అదీ పోవాలి. మెమరీకి, తాళాలకు, టైమర్లకు మీ సొంత పేర్లు పెట్టుకున్న ఆ పొరను చదవడానికి మెయింటెయినర్లలో ఎవరికీ ఓపిక ఉండదు. కస్టమర్ అడిగినప్పుడల్లా చేర్చిన మాడ్యూల్ పారామీటర్లు కూడా చెల్లవు. క్యూల సంఖ్య, రింగు పరిమాణం, ఇంటరప్టుల వేగం వంటివాటికి ఈథ్‌టూల్ అనే ఉమ్మడి సాధనం ఉంది, పరికరం మొత్తానికి సంబంధించిన అమరికలకు డెవ్‌లింక్ అనేది ఉంది. ప్రతి కంపెనీ తనకు నచ్చిన పేరుతో తనకు నచ్చిన మీట పెట్టుకుంటే, పది రకాల కార్డులున్న డేటా సెంటరులో పనిచేసే మనిషి పది రకాల భాషలు నేర్చుకోవలసివస్తుంది. ఈ విషయంలో నెట్‌వర్కింగ్ మెయింటెయినర్లు పట్టు సడలించరు, సడలించకూడదనే నా అభిప్రాయం కూడా.

మిగిలినదాన్ని ముక్కలు చేయండి. ఒక వరుసలో పదిహేను ప్యాచ్‌లకు మించకూడదని నెట్‌డెవ్ నియమం. ముక్కలు చేయడమంటే ఫైలుకొక ప్యాచ్ అని కాదు. ప్రతి ప్యాచ్ ఒక ఆలోచనను చెప్పాలి, ఆ ప్యాచ్ వరకు మాత్రమే కలిపినా కెర్నెల్ కంపైల్ కావాలి. రేపు ఎవరైనా ఒక లోపం ఎక్కడ మొదలైందో గిట్ బైసెక్ట్‌తో వెతికేటప్పుడు, మధ్యలో కంపైల్ కాని కమిట్ తగిలితే వారి వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

ఒక చిన్న సంగతిని, నేను పడిన ఇబ్బంది కనుక, ప్రత్యేకంగా చెబుతాను. పూర్వం నేను పనిచేసిన ఒక చోట, బయటికి పోయే ప్రతి మెయిల్ కిందా 'ఇందులోని సమాచారం గోప్యమైనది, సంబంధం లేనివారు చదవకూడదు, వెంటనే తుడిచివేయాలి' అన్న నాలుగు లైన్ల హెచ్చరికను మెయిల్ సర్వరే చేర్చేది. లోకమంతా చదివి, వాడుకోవడానికి పంపిన ప్యాచ్ కింద ఆ హెచ్చరిక! దాన్ని తీసుకోలేమని మర్యాదగానే తిప్పిపంపారు. ఆ నాలుగు లైన్లను తీయించడానికి ఐటీ విభాగం, న్యాయ విభాగం, వాటి మీది అధికారుల మధ్య ఆరు వారాలు తిరిగాను. డ్రైవరులోని అసలు వ్యాఖ్యలకు సమాధానం చెప్పడానికి పట్టినది రెండు వారాలే. మీ మూడు నెలల గడువులో మొదటి రోజు పని అదిగా పెట్టుకోండి.

ప్రశ్న: కామెంట్లలోని అక్షరదోషాలను దిద్ది పంపితే నా పేరు కెర్నెల్‌లోకి ఎక్కుతుందని సీనియర్లు చెప్పారు. నిజమేనా?
— బి.టెక్. మూడవ సంవత్సరం, నెల్లూరు

జవాబు: కొన్ని విభాగాలలో నిజమే, నెట్‌వర్కింగ్‌లో కాదు. వేరే పనితో సంబంధం లేకుండా కేవలం దోషాలు దిద్దడానికో, కోడ్ రాసే తీరును తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చూపిన హెచ్చరికలను తొలగించడానికో పంపే ప్యాచ్‌లను ప్రోత్సహించబోమని నెట్‌డెవ్ పత్రాలలోనే రాసిపెట్టారు. అటువంటి సాధనకు డ్రైవర్ల విభాగంలోని 'స్టేజింగ్' డైరెక్టరీ ఉంది, అక్కడ మెయిల్ పంపే పద్ధతిని అలవాటు చేసుకోండి. నెట్‌వర్కింగ్‌లోనే అడుగుపెట్టాలని ఉంటే సెల్ఫ్‌టెస్టుల (కెర్నెల్‌తో పాటే ఉండే పరీక్షా ప్రోగ్రాముల) వైపు చూడండి. పరీక్ష రాసేవారి కొరత ఎప్పుడూ ఉంటుంది, పరీక్ష రాయడానికి ఆ సౌకర్యం ఎలా పనిచేస్తుందో చదవక తప్పదు కూడా.

ప్రశ్న: వైర్‌గార్డ్‌ను సాక్షాత్తూ లైనస్ టోర్వాల్డ్సే మెచ్చుకున్నాడని చదివాను. అయినా అది కెర్నెల్‌లో చేరడానికి అంత కాలం ఎందుకు పట్టింది? పెద్దవాడి మాటకు విలువ లేదా?
— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, వరంగల్లు

జవాబు: చాలా మంచి ప్రశ్న, కొంచెం వివరంగా చెబుతాను.

వైర్‌గార్డ్ ఒక వీపీఎన్ సొరంగం. జేసన్ డోనెన్‌ఫెల్డ్ దాన్ని రాసి, కొన్నేళ్లు కెర్నెల్ బయట విడి మాడ్యూల్‌గా నడిపి, 2018 జులై చివరన నెట్‌డెవ్‌కు పంపాడు. మొత్తం కోడ్ సుమారు నాలుగు వేల లైన్లు. రెండు మూడు రోజుల్లోనే టోర్వాల్డ్స్, అంతకు ముందున్న వీపీఎన్ పద్ధతులైన ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్‌ల ఘోరాలతో పోలిస్తే ఇది ఒక కళాఖండమని, త్వరగా చేరితే బాగుంటుందని లిస్టులో రాశాడు. అయినా అది చేరిన లినక్స్ 5.6 విడుదలైనది 2020 మార్చి 29న. మెప్పుకూ విడుదలకూ మధ్య ఇరవై నెలలు.

అడ్డం పడినది సొరంగం కాదు, సొరంగానికి వాడిన ఇటుకలు. ప్యాకెట్లను గుప్తీకరించడానికి చాచా20, పాలీ1305 వంటి పద్ధతులు కావాలి. కెర్నెల్‌లో క్రిప్టో విభాగం అప్పటికే ఉంది. కానీ దాని అమరిక మరో అవసరం కోసం పుట్టింది: ఏ పద్ధతి కావాలో పేరును అక్షరాలుగా రాసి అడగాలి, అది నడిచే సమయంలో వెతికి, హార్డ్‌వేర్ ఉంటే హార్డ్‌వేర్‌కు అప్పగించి, ఎప్పుడో పూర్తయిన తరువాత పిలిచి చెబుతుంది. తనకు కావలసిన పద్ధతులేవో ముందే తెలిసిన వైర్‌గార్డ్‌కు ఆ తతంగం అంతా బరువు. అందుకని డోనెన్‌ఫెల్డ్, ఫంక్షన్‌ను నేరుగా పిలిస్తే సరిపోయే 'జింక్' అనే కొత్త క్రిప్టో గ్రంథాలయాన్ని తయారుచేసి వైర్‌గార్డ్‌తో కలిపి పంపాడు. ఆలోచన మంచిదే. కానీ క్రిప్టో విభాగం చూసుకునేవారికి అది ఎలా కనిపించిందో ఆలోచించండి. తాము ఏళ్లుగా కాస్తున్న ఇంటి పక్కనే, తమను అడగకుండా, అదే పని చేసే మరో ఇల్లు లేస్తున్నది. ఒకే చాచా20కు రెండు ప్రతులు ఉంటాయి. ఒకదానిలో లోపం దొరికితే రెండోదానిలో ఉందో లేదో ఎవరు చూడాలి? ఏ ప్రాసెసర్‌కు రాసిన వేగవంతమైన కోడ్‌ను దేనిలో ఉంచాలి?

ఈ వాదన ఒక ఏడాది పైగా, ప్యాచ్ వెర్షన్ వెంట వెర్షన్‌గా సాగింది. ఇందులో నెట్‌వర్కింగ్ మెయింటెయినర్ డేవిడ్ మిల్లర్ చేయగలిగింది కూడా తక్కువే, ఎందుకంటే కోడ్ తన విభాగానిదైనా పేచీ పక్క విభాగంతో. 2019 సెప్టెంబరులో పారిస్‌లో జరిగిన కెర్నెల్ రెసిపీస్ సభలో ముఖాముఖి మాట్లాడుకున్న తరువాత డోనెన్‌ఫెల్డ్ ఒక మెట్టు దిగాడు, ఉన్న క్రిప్టో విభాగంతోనే వైర్‌గార్డ్‌ను కలుపుతానన్నాడు. అవతలివారు కూడా ఒక మెట్టు దిగారు. నేరుగా పిలవదగిన సరళమైన ఫంక్షన్లను తమ విభాగంలోనే ఏర్పాటు చేయడానికి ఒప్పుకున్నారు, అవి 5.5 వెర్షన్‌లో చేరాయి. అంటే జింక్ పేరు పోయింది కానీ అందులోని సారంలో చాలా భాగం నిలిచింది. ఆ ఇటుకలు సిద్ధం కాగానే 2019 డిసెంబరులో మిల్లర్ వైర్‌గార్డ్‌ను నెట్-నెక్స్ట్‌లో కలుపుకొన్నాడు.

టోర్వాల్డ్స్ మాటకు విలువ ఉంది, అధికారం కూడా ఉంది. కానీ ఆ అధికారాన్ని వాడి నేరుగా కలిపేసి ఉంటే, మరునాటి నుంచి రెండు క్రిప్టో గ్రంథాలయాలనూ కాయవలసినవారు ఆ పనికి ఒప్పుకోనివారే అయ్యేవారు. ఆయన మెచ్చుకొని ఊరుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. త్వరగా కలుపుకొంటే ఏమవుతుందో చూడడానికి మరో ఉదాహరణ కూడా ఉంది. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ కోసం ఒక కంపెనీ రాయించిన వైర్‌గార్డ్ కోడ్ 2020 నవంబరులో ఆ ట్రీలో చేరింది. 13.0 విడుదలకు కొద్ది వారాల ముందు, 2021 మార్చిలో, డోనెన్‌ఫెల్డ్, మరి కొందరు దాన్ని చదివి తీవ్రమైన లోపాలు చూపారు. హడావుడిగా తిరగరాసే ప్రయత్నం జరిగినా చివరికి దాన్ని తొలగించే 13.0ను విడుదల చేశారు. శుభ్రం చేసిన కోడ్ మళ్లీ విడుదలలో కనిపించినది 13.2లో, 2023లో. ఆ లోపాలన్నీ విడుదలకు ముందే బయటపడడం ఫ్రీబీఎస్‌డీ వాడకందారుల అదృష్టం.

ప్రశ్న: టీసీపీ మీద పరిశోధన చేస్తున్నాను. నా మార్పులు టీసీపీ అసలు కోడ్‌లో పది పదిహేను చోట్ల తగులుతాయి. ఫలితాలు చాలా బాగున్నాయి. ఇది కెర్నెల్‌కు పంపదగినదేనా?
— పరిశోధక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: ఫలితాలు బాగుండడం వల్ల మీకు పట్టా వస్తుంది. కోడ్ చేరడానికి అవి చాలవు. మల్టీపాత్ టీసీపీ కథ మీకు పనికివస్తుంది. ఒకే కనెక్షన్‌ను వైఫై మీద, మొబైల్ డేటా మీద ఏకకాలంలో నడిపే ఈ పద్ధతికి బెల్జియంలోని లూవేన్ విశ్వవిద్యాలయం వారు లినక్స్ కోడ్‌ను ఏళ్ల తరబడి కెర్నెల్ బయట అభివృద్ధి చేశారు. ప్రయోగాత్మకమైనదిగా దాని ఆర్ఎఫ్‌సి (ఇక్కడ ఈ మాటకు ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రం అని అర్థం) 2013లో వచ్చింది, అదే ఏడాది ఆపిల్ తన సిరి కోసం ఐఓఎస్ 7లో ఈ పద్ధతిని వాడింది. ఇంత జరిగినా లినక్స్‌లోకి ఆ కోడ్ అలాగే రాలేదు. కారణం మీరు ఊహించగలరు: అది సాధారణ టీసీపీ దారిలో అనేక చోట్ల చేయి పెట్టింది. ప్రపంచంలోని సర్వర్లలో దాదాపు అన్ని కనెక్షన్లూ మామూలు టీసీపీవే. ఏ కొద్దిపాటి వాటి కోసమో తక్కినవాటికి ప్రతి ప్యాకెట్ దగ్గర ఒక షరతు చేరినా, ప్యాకెట్‌ను మోసే ఎస్కేబీ నిర్మాణం కొద్ది బైట్లు పెరిగినా మెయింటెయినర్లు ఒప్పుకోరు.

చివరికి వేరే బృందం దాన్ని కొత్త ఆకృతిలో, మొదటి నుంచి రాసింది. మల్టీపాత్ కావాలనుకున్న అప్లికేషన్ సాకెట్ తెరిచేటప్పుడు 262 అనే వేరే ప్రోటోకాల్ సంఖ్యతో అడగాలి. అడగనివారి టీసీపీ జోలికి అది పోదు. అదనపు సమాచారాన్ని ఎస్కేబీ లోపల కాకుండా, కావలసినప్పుడు మాత్రమే తగిలించే ఎక్స్‌టెన్షన్‌లో పెట్టారు. ఇంత సరుకును ఒక్కసారిగా తీసుకురాకుండా మొదటి ముక్కను 5.6లో చేర్చి, తరువాతి వెర్షన్లలో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చారు. వైర్‌గార్డ్ చేరినది కూడా ఆ వెర్షన్‌లోనే అని మీరు గమనించే ఉంటారు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ బీబీఆర్‌ది. గూగుల్ ఇంజనీర్లు రాసిన ఈ రద్దీ నియంత్రణ పద్ధతి 2016 సెప్టెంబరులో లిస్టుకు వచ్చి, అదే ఏడాది డిసెంబరులో విడుదలైన 4.9లో ఉంది. రద్దీ నియంత్రణ పద్ధతులను విడి మాడ్యూళ్లుగా తగిలించుకొనే ఏర్పాటు లినక్స్ టీసీపీలో ఏనాటి నుంచో ఉండడం, ఆ ఏర్పాటుకు తక్కువైన ఒకటి రెండింటిని (ఉదాహరణకు డేటా ఎంత వేగంతో అవతలికి చేరుతున్నదో కొలిచే భాగాన్ని) అందరికీ పనికివచ్చేలా విడి ప్యాచ్‌లుగా ముందు పెట్టడం వల్ల వారి పని సులువైంది. మీ పదిహేను చోట్ల మార్పులలో ఎన్ని నిజంగా టీసీపీ లోపలే ఉండాలో, ఎన్ని ఈ మాడ్యూలు ఏర్పాటులో ఇముడుతాయో లెక్క వేసుకోండి. నడుస్తున్న కెర్నెల్‌లోకి చిన్న ప్రోగ్రాములను ఎక్కించే ఏర్పాటైన బీపీఎఫ్‌లో కూడా రద్దీ నియంత్రణ పద్ధతిని రాయవచ్చు, దానికి కెర్నెల్‌ను మార్చనక్కరలేదు. వీటన్నింటి తరువాత కూడా లోపలే ఉండవలసినవి రెండో మూడో మిగిలితే, వాటిని ఆర్ఎఫ్‌సిగా పంపి అడగండి.

ప్రశ్న: నా ప్యాచ్‌లో అంతా బాగుందని చెబుతూనే 'క్రిస్మస్ చెట్టును తిరగేయండి' అని ఒకరు వ్యాఖ్య రాశారు. ఇది ఎగతాళా?
— నెట్‌వర్క్ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: ఎగతాళి కాదు, ఆ మాట నెట్‌వర్కింగ్ విభాగపు ఆచారం. ఫంక్షన్ మొదట్లో ప్రకటించే లోకల్ వేరియబుల్స్‌ను పొడవైన లైను పైన, పొట్టి లైను కింద వచ్చేలా పేర్చాలి; చూపుకు అది తలకిందులుగా నిలబెట్టిన క్రిస్మస్ చెట్టులా ఉంటుంది. కోడ్ నడకకు దీనితో ఏ సంబంధమూ లేదు, నాకూ మొదట్లో ఇది చాదస్తమనిపించింది. లైన్ల వరుసను మార్చి వెర్షన్ 2 అని పంపండి, ఏమి మార్చారో ప్యాచ్ వివరణ చివర వచ్చే మూడు గీతల (---) కింద ఒక మాట రాయండి. ఒక వెర్షన్‌కూ మరొకదానికీ మధ్య కనీసం 24 గంటలు ఆగాలన్న నియమం ఉంది. వెంటనే దిద్ది వెంటనే పంపాలన్న ఉత్సాహంతో ఒకే రోజు మూడు వెర్షన్లు పంపేవారిని చూస్తే చదివేవారికి విసుగు పుడుతుంది. వ్యాఖ్యలకు జవాబు రాసేటప్పుడు, వారి మాట కింద మీ మాట వచ్చేలా రాయండి, ఆఫీసు మెయిళ్లలో లాగా అన్నింటికీ పైన కాదు. ఒప్పుకోని వ్యాఖ్య ఉంటే కారణం చెప్పి కాదనవచ్చు. మౌనంగా వదిలేసి కొత్త వెర్షన్ పంపడం మాత్రం ఎదుటివారి శ్రమను తీసిపారేయడమే అవుతుంది.

ప్రశ్న: మాకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో ఒకలా, ఆఫీసు మెయిల్‌లో మరోలా ఉంది. 'సైన్డ్-ఆఫ్-బై' లైనులో ఏది రాయాలి? అసలు ఆ లైను ఎందుకు?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు. తమ యూనిక్స్ కోడ్ లినక్స్‌లో ఉందంటూ ఎస్‌సీఓ అనే కంపెనీ 2003లో ఐబీఎం మీద దావా వేసింది. ఏ లైను ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూపించే పద్ధతి లేదన్న సంగతి అప్పుడు అందరికీ గుచ్చుకున్నది. మరుసటి ఏడాది టోర్వాల్డ్స్ ఈ లైనును ప్రవేశపెట్టాడు. దాని అర్థం, ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని మీరు పూచీ పడుతున్నారని. మీ నుంచి అందుకొని పైకి పంపే ప్రతి మెయింటెయినరూ దాని కింద తన పేరు చేరుస్తారు.

పేరులో ఏది ముందు, ఏది వెనుక అన్నది మీ ఇష్టం. అజ్ఞాతంగా ఉండకూడదు, మెయిల్ 'ఫ్రమ్' లైనులో ఉన్న పేరు, చిరునామాలే ఇక్కడా ఉండాలి. తేడా ఉంటే చెక్‌ప్యాచ్ పట్టుకుంటుంది. ఒకసారి ఎంచుకున్న రూపాన్ని తరువాత మార్చకండి, లేకపోతే ఇద్దరు మనుషులుగా లెక్కకు వస్తారు. పని వేళలలో రాసిన కోడ్‌పై హక్కు మీ యజమానిదే అయ్యే అవకాశం ఎక్కువ కనుక, పూచీ పడే ముందు అనుమతి కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: ప్యాచ్ పంపి పది రోజులైంది. చడీ చప్పుడూ లేదు. తెలిసినవారి ద్వారా మాట చెప్పించవచ్చా?
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. నెట్‌వర్కింగ్‌లో ప్యాచ్‌లను సాధారణంగా రెండు రోజుల్లోనే చూస్తారు. ముందు, లిస్టుకు వచ్చిన ప్యాచ్‌ల స్థితిని చూపే ప్యాచ్‌వర్క్ వెబ్‌సైటులో మీ ప్యాచ్ స్థితి ఏమిటో చూడండి, 'మార్పులు కోరబడినవి' అని ఉండి ఉంటుంది, ఆ వ్యాఖ్య మీ స్పామ్‌లో పడి ఉండవచ్చు. అక్కడ కూడా కదలిక లేకపోతే అదే మెయిల్ వరుసలో ఒక చిన్న జ్ఞాపకం రాయండి. ఈలోగా ఇతరుల ప్యాచ్‌లను ఒకటి రెండు చదివి, నిజంగా పనికివచ్చే మాట ఉంటే రాయండి. చదివేవారు తక్కువ, పంపేవారు ఎక్కువ అన్నదే అక్కడి నిత్య సమస్య.

ప్రశ్న: ప్రోటోకాల్ కోడ్ ఒకసారి కెర్నెల్‌లో చేరిందంటే ఇక శాశ్వతమేనా?
— విశ్రాంత టెలికాం ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: యూజర్ ప్రోగ్రాములకు కనిపించే ఇంటర్‌ఫేస్ దాదాపు శాశ్వతమే, ఒకరు దాని మీద ఆధారపడ్డారంటే తరువాత విరగగొట్టడానికి వీలుండదు, ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడే మార్గాలలో ఒకటైన నెట్‌లింక్‌లో కొత్త మెసేజీకి ఒక ఫీల్డు పేరు పెట్టడం మీద కూడా పది మెయిళ్లు నడవడానికి కారణం అదే. కోడ్ మాత్రం శాశ్వతం కాదు. మీ ఉద్యోగ కాలంలో మీరు చూసే ఉండే పాత నెట్‌వర్క్ పద్ధతి టోకెన్ రింగ్‌ను 2012లో 3.5 వెర్షన్‌తో తీసేశారు. నోవెల్ కంపెనీ నెట్‌వేర్‌లో వాడిన ఐపీఎక్స్ ప్రోటోకాల్ 2018లో 4.18తో వెళ్లిపోయింది. డెక్ కంపెనీ ప్రోటోకాల్ డెక్‌నెట్‌ను 2022లో 6.1తో తొలగించారు, చూసుకునేవారు లేక అది అప్పటికే పన్నెండేళ్లుగా 'ఆర్ఫన్' అని, అంటే అనాథ అని, మెయింటెయినర్ల ఫైలులో గుర్తుపెట్టి ఉంది. వాడేవారు లేరు సరే, ఎవరికీ హాని చేయకుండా మూలన పడి ఉంటే ఏమని మీరు అడగవచ్చు. మూలన పడి ఉన్న కోడ్‌ను కూడా దాడి చేసేవాడు పిలవగలడు. సిజ్‌బాట్ వంటి యంత్రాలు రాత్రింబవళ్లు అడ్డదిడ్డమైన ఇన్‌పుట్ పంపి అటువంటి మూలలనే కదిలిస్తుంటాయి, ఒక లోపం దొరికిందంటే దాని నివేదిక ఎవరో ఒకరి మెయిల్ పెట్టెలోకి వస్తుంది. అన్ని ప్రోటోకాళ్లూ వాడే ఉమ్మడి కోడ్‌లో చిన్న మార్పు చేసినవారు కూడా, ఎన్నడూ చూడని డెక్‌నెట్ ఫైలును తెరిచి దాన్నీ దిద్దవలసి వచ్చేది. మీ దగ్గర పాత డెక్‌నెట్ పరికరం ఇంకా ఉంటే, 6.0 లేదా అంతకు ముందు వెర్షన్ కెర్నెల్‌తో అది నడుస్తుంది.